బాంజో పక్కన వోకోడర్: కంట్రీ ఆల్బమ్ ఎప్పుడు కంట్రీ కాకుండా పోతుంది?

అమెరికన్ గాయని, పాటల రచయిత్రి కేసీ మస్‌గ్రేవ్స్ 2018 మార్చి 30న 'గోల్డెన్ అవర్' ఆల్బమ్ విడుదల చేసింది. మరుసటి ఫిబ్రవరిలో దానికి ఉత్తమ కంట్రీ ఆల్బమ్ గ్రామీ వచ్చింది. కంట్రీ అంటే అమెరికా పల్లె పాటల నుంచి పెరిగిన సంగీత శైలి. అన్ని రకాల సంగీతాన్నీ కలిపి ఇచ్చే 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్' కూడా అదే రాత్రి దానికే దక్కింది. మూడేళ్ల తర్వాత, 2021లో, అదే ఇద్దరు సహ నిర్మాతలతో ఆమె 'స్టార్‌క్రాస్డ్' చేసింది. ఈసారి గ్రామీ వాళ్లు దాన్ని కంట్రీ విభాగంలోకి రానివ్వకుండా పాప్ వైపు పంపారు. అందులోని 'కెమెరా రోల్' అనే పాట మాత్రం రెండు కంట్రీ విభాగాల్లో నామినేషన్ తెచ్చుకుంది. అంటే ఆల్బమ్ పాప్, అందులోని పాట కంట్రీ.

ఇదెలా సాధ్యం? ఈ ప్రశ్న అప్పటితో చల్లారలేదు. గ్రామీలు ఇచ్చే రికార్డింగ్ అకాడమీ 2025 జూన్‌లో కంట్రీ ఆల్బమ్ బహుమతిని రెండుగా చీల్చింది: ఒకటి సంప్రదాయ కంట్రీకి, ఇంకొకటి సమకాలీన కంట్రీకి. అంతకు నాలుగు నెలల ముందే నల్లజాతి పాప్ గాయని బియాన్సే 'కౌబాయ్ కార్టర్' కంట్రీ ఆల్బమ్ గ్రామీ గెలిచింది కాబట్టి, విభజన వార్త రాగానే పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఎవరు కంట్రీ, ఎవరు కాదు, అసలు ఆ మాట చెప్పే హక్కు ఎవరిది?

నా ఉద్దేశంలో ఈ గొడవలో చాలా భాగం ఒకే పేరుతో నాలుగు వేర్వేరు సంగతులు మాట్లాడుకోవడం వల్ల వచ్చింది. వాటిని విడదీస్తే 'గోల్డెన్ అవర్' చేసిన పని ఏమిటో కూడా బాగా వినిపిస్తుంది.

పేరు పెట్టింది రికార్డులు అమ్మినవాళ్లు

1927లో రాల్ఫ్ పీర్ అనే రికార్డింగ్ మనిషి టెన్నెసీ, వర్జీనియా సరిహద్దులో ఉన్న బ్రిస్టల్ పట్టణానికి యంత్రాలు మోసుకెళ్లి, చుట్టుపక్కల కొండ ప్రాంతాల గాయకులను పిలిపించి పాడించాడు. కంట్రీ తొలి తారలు కార్టర్ కుటుంబం, జిమ్మీ రోజర్స్ వెలుగులోకి వచ్చింది అక్కడే. అప్పటి కంపెనీలు తెల్లవారి పల్లె పాటలను 'హిల్‌బిల్లీ' అనీ, నల్లవారు పాడినవాటిని 'రేస్ రికార్డులు' అనీ వేరువేరు కేటలాగుల్లో అమ్మేవి. వాళ్ల పాటలూ, బాణీలూ, వాద్యాలూ మాత్రం అంత వేరుగా లేవు. బాంజో అనే తీగల వాద్యం మూలాలే ఆఫ్రికావి, బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటు అమెరికా చేరింది. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక పాత పేర్లు తీసేసి 'కంట్రీ అండ్ వెస్టర్న్', 'రిథమ్ అండ్ బ్లూస్' అని రాయడం మొదలుపెట్టింది. పేర్లు మర్యాదగా మారాయి కానీ గీత అక్కడే ఉండిపోయింది.

ఇంత వెనక్కి వెళ్లడానికి కారణం ఉంది. మొదటి నుంచీ ఈ మాట రెండు పనులు చేస్తోంది. ఒక రకం పాటను వర్ణిస్తుంది, ఆ పాటను ఎవరికి అమ్మాలో కూడా చెబుతుంది. ఈ రెండూ కలిసి నడిచినంత కాలం ఎవరూ పట్టించుకోరు. విడిపోయినప్పుడే తగాదా.

కంట్రీ-ఫోక్ అనేది ఆ పెద్ద పేరు కింద ఒక పాయ. ఒక గిటార్, ఒక గొంతు, ముందు మాట వినిపించాలన్న పట్టుదల. పాటలో ఒక ఊరుంటుంది, ఒక మనిషి ఉంటాడు, చెప్పాల్సిన కథ ఉంటుంది. కేసీ వచ్చింది ఈ పాయ నుంచే. ఆమె పెరిగిన గోల్డెన్ అనే చిన్న ఊరు టెక్సస్‌లో, డాలస్‌కి తూర్పున ఉంది. డాలస్ శివార్లలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు కారులో వెళ్లి చూసి రాగల దూరమే. 2013లో వచ్చిన 'సేమ్ ట్రైలర్ డిఫరెంట్ పార్క్' నిండా అలాంటి ఊళ్లే. చర్చి, పెళ్లి, పుకార్లు, బయటపడలేని జీవితాలు. ఆ ఆల్బమ్‌కి కూడా కంట్రీ గ్రామీ వచ్చింది, అప్పుడు ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

పాట ఒకటి, దాని ఒంటి మీది శబ్దం ఇంకొకటి

ఒక రికార్డును విన్నప్పుడు మన చెవికి ఒక్కసారే చేరేవి నిజానికి నాలుగు పొరలు. మొదటిది పాట: సాహిత్యం, బాణీ, వాటి కట్టుబడి. గిటార్ పట్టుకుని ఒక్కరే పాడినా మిగిలేది ఇదే. రెండోది శబ్దం: ఏ వాద్యాలు, ఏ లయ, గొంతుకు ఎంత ప్రతిధ్వని. దీన్ని నడిపించే వ్యక్తిని సంగీతంలో ప్రొడ్యూసర్ అంటారు. సినిమా నిర్మాతలా డబ్బు పెట్టే మనిషి కాదు. మన సంగీత దర్శకుడి పనిలో సగం, రికార్డింగ్ ఇంజనీరు పనిలో సగం కలిపి చేసే మనిషి అనుకోవచ్చు. మూడోది పాడే తీరు: యాస, గమకం, విరుపు. నాలుగోది అమ్మే దారి: ఏ కంపెనీ, ఏ రేడియో, ఏ శ్రోతలు.

పెళ్లి బరాత్‌లో డీజే బీట్ మీద మోగే తెలంగాణ జానపదాన్ని తలచుకుంటే ఇది సులువుగా అందుతుంది. మాట, బాణీ, పాడే తీరు పాతవే, మారింది రెండో పొర ఒక్కటే. అది జానపదమేనని డాన్సు చేసే కుర్రాళ్లంటారు, కాదని ఊళ్లో పెద్దలంటారు. ఇద్దరూ వేర్వేరు పొరలు వింటున్నారు.

'గోల్డెన్ అవర్' కొత్తదనం కూడా చాలావరకు ఆ రెండో పొరలోనే ఉంది. డేనియల్ టాషియన్, ఇయన్ ఫిట్చక్‌లతో కలిసి కేసీ దాన్ని నిర్మించింది. కంట్రీ పరిశ్రమకు కేంద్రమైన నాష్‌విల్‌లో గుర్రాల సాల పైన గాయని షెరిల్ క్రో కట్టుకున్న స్టూడియోలో రికార్డింగ్ జరిగింది. గుర్రాల మీద సింథసైజర్లు! ఆ ఆల్బమ్‌ని వర్ణించమంటే నేను ఇంతకంటే మంచి చిత్రం చెప్పలేను.

కేసీ వాడిన రెండు సాధనాల గురించి తెలిస్తే మిగతాది తేలిక. పెడల్ స్టీల్ అనేది బల్లలా అడ్డంగా అమర్చిన గిటార్. ఎడమ చేతిలోని ఉక్కు కడ్డీ తీగల మీద జారుతుంటే, కాళ్ల కింది పెడళ్లూ మోకాళ్ల దగ్గరి మీటలూ తీగల శ్రుతిని అప్పటికప్పుడు మారుస్తాయి. అందుకే ఆ స్వరం ఏడుస్తున్న గొంతులా వంగుతుంది. అది వినగానే 'కంట్రీ' అనేస్తారు కానీ, దాని పుట్టుక హవాయి దీవుల స్టీల్ గిటార్‌లో ఉంది. విశ్వమోహన్ భట్ మోహన్ వీణలో వినిపించే జారుడు కూడా ఈ వంశానిదే. రెండోది వోకోడర్. పాడే మనిషి నోట్లో మాట తీసుకునే ఆకారాన్ని పట్టి సింథసైజర్ స్వరం మీద అద్దుతుంది. ఉచ్చారణ మనిషిది, ధ్వని యంత్రానిది. శ్రుతి తప్పిన గొంతును శ్రుతిలోకి లాగే ఆటోట్యూన్ వేరు, ఇది వేరు.

మూడు పాటలు విప్పి చూస్తే

'ఓ, వాట్ ఎ వరల్డ్' వోకోడర్ గొంతుతో మొదలవుతుంది. అంతరిక్షం నుంచి ఎవరో పిలుస్తున్నట్టు ఉంటుంది. కాసేపటికి దాని కిందికి బాంజో చేరుతుంది, తర్వాత స్టీల్ గిటార్. రెండూ గొడవపడవు. వోకోడర్ పొగమంచులా పరుచుకుంటే బాంజో చినుకుల్లా పడుతుంది. సాహిత్యంలో పల్లె లేదు, పికప్ ట్రక్కు లేదు. ఉత్తర ధ్రువపు వెలుగులు, సముద్రంలో మెరిసే జీవులు, ఇంత వింత ప్రపంచంలో నువ్వు కూడా ఉన్నావన్న ఆశ్చర్యం. వాద్యాలు సగం కంట్రీవి, విషయం ఏ శైలి ప్రేమగీతానికైనా సరిపోయేది.

'హై హార్స్' దీనికి తలకిందులు. ప్రతి దెబ్బకీ ఒకేలా పడే డిస్కో డ్రమ్ము, దాని చుట్టూ గంతులేసే బేస్. 1970ల డాన్స్ ఫ్లోర్ అచ్చంగా దిగివస్తుంది. మాటలు వింటే మాత్రం పాత వెస్టర్న్ సినిమా: తానే హీరోననుకునే బడాయి మనిషిని గుర్రమెక్కి ఊరు దాటిపొమ్మని ఒక ఆడమనిషి సాగనంపడం. గర్వాన్ని గుర్రంతో ముడిపెట్టే ఇంగ్లీషు నుడికారం మీదే పాటంతా నిలబడింది. ఒక జాతీయాన్ని పట్టుకుని దాని చుట్టూ మొత్తం కథ అల్లడం నాష్‌విల్ రచయితలకు తరతరాలుగా అబ్బిన విద్య. ఇక్కడ శబ్దం కంట్రీ కాదు, రచన నూటికి నూరుపాళ్లూ కంట్రీయే.

ల్యూక్ లెయర్డ్, షేన్ మెక్‌అనాలీలతో కలిసి కేసీ రాసిన 'స్పేస్ కౌబాయ్' దగ్గర రెండు పొరలూ కలుస్తాయి. పేరు చూసి రోదసి యాత్ర అనుకుంటాం. పల్లవిలోకి వచ్చేసరికి ఆ రెండు మాటల మధ్య ఒక చిన్న విరామం పడుతుంది, ఒక్కసారిగా అర్థం తిరగబడుతుంది: నీకు కావలసిన దూరం నువ్వు తీసుకో, కౌబాయ్ అని ఆమె వీడ్కోలు చెబుతోంది. పరుగు తీయాలనుకునే గుర్రం, మూసి లాభం లేని గేటు లాంటి పోలికలు చుట్టూ ఉన్నాయి. అరుపు లేదు, నింద లేదు. ఆ విరామం దగ్గర ఆమె గొంతు ఎంత తేలిగ్గా వదిలేస్తుందో వినండి. ఆ ఏడాది ఉత్తమ కంట్రీ పాట గ్రామీ దీనికి రావడం నాకు పూర్తిగా న్యాయమనిపిస్తుంది.

సంక్లిష్టత అంతా ఇక్కడే మొదలవుతుంది. వాద్యాలను బట్టి చూస్తే మొదటి పాటకి కంట్రీ అర్హత ఉంది, రెండోదానికి లేదు. రచనను బట్టి చూస్తే రెండోదానికి ఉంది, మొదటిదానికి లేదు. ఒకే ఆల్బమ్, ఒకే గొంతు.

తీర్పు చెప్పేది ఎవరెవరు

ఒక సంగీతం ఏ శైలిదో నిర్ణయించే కుర్చీ ఒకటే ఉందనుకుంటాం. కనీసం మూడున్నాయి, వాటి మధ్య పొత్తు లేదు.

కంట్రీ రేడియో నాలుగో పొరను వింటుంది. శ్రోత స్టేషన్ మార్చకుండా ఉంటాడా అన్నదే దాని లెక్క. ఆ లెక్కలో ఆడవాళ్లకు చోటు తక్కువ. 2015లో ఒక రేడియో సలహాదారు, సలాడ్‌లో ఆకుకూర మగ గాయకులనీ, ఆడవాళ్లు పైన చల్లే టమాటాలనీ బహిరంగంగా అని పెద్ద దుమారం రేపాడు. 'గోల్డెన్ అవర్' నుంచి ఒక్క పాట కూడా కంట్రీ రేడియోలో మొదటి పది స్థానాల్లోకి రాలేదు. అదే ఆల్బమ్‌కి పరిశ్రమ సంఘమైన కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 2018లో 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్' ఇచ్చింది. కంట్రీ పరిశ్రమ నెత్తిన పెట్టుకున్నదాన్ని కంట్రీ రేడియో దాదాపు మోగించలేదు!

రెండోది బిల్‌బోర్డ్ చార్టు. 2012 అక్టోబరు దాకా దాని ప్రధాన కంట్రీ పాటల పట్టిక కంట్రీ రేడియో ప్రసారాల మీదే ఆధారపడేది. తర్వాత అమ్మకాలు, స్ట్రీమింగ్, ఇతర రేడియోల ప్రసారాలు కూడా కలిపారు. దాంతో పాప్ శ్రోతలు వింటే కంట్రీ చార్టు పైకి పాకే వీలు వచ్చింది, అసలు ఏ పాటను ఆ పట్టికలో చేర్చాలన్న నిర్ణయం ఇంకా బరువెక్కింది. 2019 మార్చిలో రాపర్ లిల్ నాస్ ఎక్స్ పాట 'ఓల్డ్ టౌన్ రోడ్'ను, నేటి కంట్రీ లక్షణాలు తగినన్ని లేవంటూ ఆ పట్టిక నుంచి తీసేశారు. తర్వాత కంట్రీ గాయకుడు బిల్లీ రే సైరస్ గొంతు కలిపిన రూపం తోడై ఆ పాట దేశం మొత్తం చార్టులో 19 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది.

మూడోది గ్రామీ స్క్రీనింగ్ కమిటీ. వచ్చిన ఎంట్రీలను విని ఏది ఏ విభాగంలోకి వెళ్లాలో తేల్చేది ఇదే, ఓటింగు ఆ తర్వాత. ఆల్బమ్ నిడివిలో 51 శాతం ఆ విభాగానికి చెందిన సంగీతమై ఉండాలన్నది అప్పటి సూత్రం.

51 శాతం లెక్క ఎలా పనిచేస్తుంది

ఊహకి ఒక ఆల్బమ్ తీసుకుందాం. పది పాటలు, ఒక్కోటి 4 నిమిషాలు, మొత్తం 40 నిమిషాలు. అందులో 51 శాతమంటే 20 నిమిషాల 24 సెకన్లు. ఆరు పాటలు కంట్రీ అనుకుంటే 24 నిమిషాలు, గట్టెక్కినట్టే. అయిదే అనుకుంటే 20 నిమిషాలు, పోయినట్టే. ఆరో పాట 'హై హార్స్' లాంటిదైతే? రచన వినే సభ్యుడు లోపలికి రమ్మంటాడు, డ్రమ్ము వినే సభ్యుడు తలుపేస్తాడు. ఆ ఒక్క పాట మీద మొత్తం ఆల్బమ్ జాతకం మారిపోతుంది. అంకె కచ్చితంగా ఉన్నా, ఏ పాటను లెక్కలోకి తీసుకోవాలన్నది మళ్లీ చెవి మీదే ఆధారపడుతుంది.

'స్టార్‌క్రాస్డ్' విషయంలో జరిగిన వింతకు సమాధానం కూడా ఇక్కడే దొరుకుతుంది. పాటల విభాగంలో పాటను విడిగా వింటారు కాబట్టి 'కెమెరా రోల్' కంట్రీగా నెగ్గింది. ఆల్బమ్ విభాగంలో మొత్తం నిడివి లెక్క కాబట్టి ఆల్బమ్ నెగ్గలేదు. సూత్రం ప్రకారం ఇందులో వైరుధ్యం లేదు.

గతంతో పోల్చినప్పుడే ఇబ్బంది. కేసీ రికార్డు కంపెనీ యూనివర్సల్ మ్యూజిక్ నాష్‌విల్‌కి అప్పటి అధ్యక్షురాలు సిండీ మేబ్ అకాడమీ అధిపతి హార్వీ మేసన్ జూనియర్‌కి రాసిన లేఖలో పట్టుకున్న పాయింటు ఇదే: కంట్రీ వాద్యాలు 'గోల్డెన్ అవర్'లో కంటే ఇందులోనే ఎక్కువున్నాయని. ఆమెది తన కంపెనీ సరుకు కోసం మాట్లాడిన మాట, ఆ సంగతి మరవకూడదు. పాప్ విభాగంలో పోటీ ఎంత గట్టిగా ఉంటుందో కంపెనీకి బాగా తెలుసు. అయినా నేను ఆమె వైపే కొంత మొగ్గుతాను. 'స్టార్‌క్రాస్డ్' పాప్ లయలకు మరింత దగ్గరగా జరిగిన మాట నిజం. కానీ అది ఒక విడాకుల కథను మూడు అంకాల విషాద నాటకంలా చెబుతుంది. విడాకుల గురించి దాపరికం లేకుండా పాడటం కంట్రీకి వెన్నెముక లాంటిది. వాద్యాలు లెక్కపెట్టే సూత్రంలో ఆ వెన్నెముకకు మార్కులు తక్కువ.

నాష్‌విల్‌లో ఈ తగాదా పాతదే

1950ల చివర రాక్ అండ్ రోల్ దెబ్బకు కంట్రీ అమ్మకాలు కుదేలైనప్పుడు, చెట్ అట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ లాంటి ప్రొడ్యూసర్లు పల్లె బాణీలో వాయించే ఫిడేలును, స్టీల్‌ను పక్కకు జరిపి వయొలిన్ బృందాలు, కోరస్‌లు తెచ్చారు. దానికి 'నాష్‌విల్ సౌండ్' అని పేరొచ్చింది. విల్లీ నెల్సన్ రాయగా ప్యాట్సీ క్లైన్ 1961లో పాడిన 'క్రేజీ' ఆ కాలానిదే. ఆ రోజుల్లో పట్నపు పాప్ పోకడ అని విమర్శ తెచ్చుకున్న ఆ శబ్దాన్నే, ఇప్పుడు పాత బంగారు కంట్రీకి గుర్తుగా చెప్పుకుంటున్నారు.

ఆస్ట్రేలియాలో పెరిగిన పాప్ గాయని ఒలీవియా న్యూటన్-జాన్‌ను 1974లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గాయనిగా ఎంచుకుంటే, సంప్రదాయవాదులు కంట్రీ గాయకులు జార్జ్ జోన్స్, టామీ వైనెట్ ఇంట్లో సమావేశమై వేరే సంఘమే పెట్టుకున్నారు. మరుసటి ఏడాది అదే వేడుకలో, విజేతగా పాప్-ఫోక్ గాయకుడు జాన్ డెన్వర్ పేరున్న కాగితాన్ని కంట్రీ గాయకుడు చార్లీ రిచ్ వేదిక మీదే లైటర్‌తో వెలిగించాడు. అతను ఎందుకలా చేశాడన్న దాని మీద నేటికీ వాదనలున్నాయి. ఆ దృశ్యం మాత్రం ఈ గొడవకు ముఖచిత్రంగా నిలిచిపోయింది.

ఇరువైపులా న్యాయముంది

గీత ఉండాలనేవాళ్లను మూర్ఖులుగా కొట్టిపారేయడం తేలిక, అది అన్యాయం. ఒక విభాగంలో నామినేషన్లు అయిదు. ఫిడేలు, స్టీల్ వాయించడమే బతుకుగా ఉన్న కళాకారులకు పాప్ విభాగంలో ఎవరూ కుర్చీ వేయరు. పాప్‌లో పేరున్నవాళ్లు కంట్రీలోకి వస్తే ఆ అయిదులో ఒకటి పోతుంది. రాకపోకలు ఒకవైపే సాగే తలుపు అది. పైగా ఒక శైలికి హద్దు లేకపోతే దాన్ని నేర్చుకోవడానికీ, నేర్పడానికీ పట్టు ఉండదు.

గీత చెరిపేయాలనేవాళ్ల వాదనకు చరిత్ర బలముంది. ఆ గీతను మొదట గీసింది చర్మపు రంగును బట్టి. దాని నీడ పోలేదని వాళ్లు 2016 నాటి సంగతి గుర్తుచేస్తారు. బియాన్సే 'డాడీ లెసన్స్' పాటను గ్రామీ కంట్రీ కమిటీ తిరస్కరించిందని అప్పట్లో వార్తలొచ్చాయి. 2024లో ఆమె 'కౌబాయ్ కార్టర్'కి కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఒక్క నామినేషనూ ఇవ్వలేదు. 2025 ఫిబ్రవరిలో గ్రామీలు దానికే కంట్రీ ఆల్బమ్ బహుమతి, ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ రెండూ ఇచ్చాయి. కొద్ది నెలల తేడాలో రెండు సంస్థలు ఒకే ఆల్బమ్‌ను రెండు రకాలుగా విన్నాయి.

వీళ్లిద్దరి మధ్య కేసీ లాంటి వాళ్ల చోటు ప్రత్యేకం. ఆమె బయటి నుంచి రాలేదు, లోపలి నుంచి హద్దు దాకా నడిచింది. అందుకే ఆమె మీద తీర్పులు ఏడాదికోలా మారాయి. 2024లో వచ్చిన 'డీపర్ వెల్' మళ్లీ అకూస్టిక్ గిటార్ల ఫోక్ దారికి తిరిగింది. అందులోని 'ది ఆర్కిటెక్ట్' ఉత్తమ కంట్రీ పాటగా గ్రామీ గెలిచింది, ఎవరూ కనుబొమ్మ ఎత్తలేదు.

విభజన ఏం మారుస్తుంది

2026 గ్రామీల నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సంప్రదాయ విభాగం నిర్వచనంలో లయ, పాడే తీరు, సాహిత్యపు విషయం గురించి మాట ఉంది. వాద్యాల జాబితా కూడా ఉంది: అకూస్టిక్ గిటార్, స్టీల్ గిటార్, ఫిడేలు, బాంజో, మాండొలిన్, పియానో, ఎలక్ట్రిక్ గిటార్, మనుషులు వాయించే డ్రమ్స్. చివరిదాని దగ్గర ఆగండి. కంట్రీ గాయకులకు గుడి లాంటి గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక చాలాకాలం డ్రమ్స్‌ను దగ్గరకు రానివ్వలేదు. ఒకప్పుడు గుమ్మం బయట నిలబెట్టిన వాద్యం ఇప్పుడు సంప్రదాయానికి గుర్తుగా అధికారిక జాబితాలో కూర్చుంది.

ఈ నిర్వచనంలో నాకు నచ్చింది పాడే తీరునూ సాహిత్యాన్నీ పేరు పెట్టి చెప్పడం. పొరలు నాలుగని ఒప్పుకునే దిశగా అది ఒక అడుగు. ఈ కొలతతో చూస్తే 'గోల్డెన్ అవర్' వోకోడర్‌తో, డిస్కోతో సమకాలీన విభాగంలో హాయిగా ఇమిడిపోతుంది. 'డీపర్ వెల్' రెండింటి మధ్య ఊగుతుంది. వాద్యాలు సంప్రదాయం వైపు లాగుతాయి, దాని నెమ్మది, ఆలోచన తీరు ఇంకో వైపు.

'స్టార్‌క్రాస్డ్' సమస్య మాత్రం తీరలేదు. కొత్త గీత కంట్రీ ఇంటి లోపలి గదుల మధ్య గీసింది. 2021లో తగాదా వచ్చింది వీధి గుమ్మం దగ్గర, కంట్రీకీ పాప్‌కీ మధ్య. ఆ గుమ్మం దగ్గర ప్రతి ఏడూ ఎంట్రీలు విని ఇటా అటా అని తేల్చే పని ఇప్పటికీ స్క్రీనింగ్ గదిలో కూర్చున్న మనుషులదే.